వావిలాకు బిందె

బందరు నుంచి మంగినపూడి వెళ్ళే ఆటో ఎక్కి, బీచి ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా దిగి, మురుగు కాలవ గట్టు పట్టుకుని నడిస్తే చివర ఒక గది ఇల్లు వస్తుంది. తుఫాను తర్వాత ప్రభుత్వం కట్టించిన వరసలో అది ఆఖరిది. దాని పక్కన వావిలి పొద, పొద దాటితే రొయ్యల చెరువులు, అవీ దాటితే సముద్రం. ఆ ఇంట్లో సుబ్బాయమ్మ ఒక్కతే ఉంటుంది. ఊరంతా ఆమెను మామ్మ అంటారు. ఆమెకన్నా మూడేళ్ళు పెద్దవాడైన రత్తయ్య కూడా మామ్మ అనే అంటాడు. అన్నప్పుడల్లా ఆమె, "నోట్లో పళ్ళెన్ని మిగిలాయో చూసుకుని పిలువు" అంటుంది.

మామ్మ దగ్గరికి వెళ్తే ముందు ఎండుచేపల వాసన, దాని వెనకాలే వావిలాకు వాసన. కొత్తవాళ్ళకి రెండోది మందుల షాపులా ఉంటుంది. ఐదు వేళ్ళు విప్పినట్టుండే ఆ ఆకు ఆమె ఇంట్లో దూరని చోటు లేదు. బియ్యం డబ్బాలో పురుగు పట్టకుండా ఎండుటాకు. మినుముల్లో ఎండుటాకు. సాయంత్రం దోమలకి నిప్పుల మీద పచ్చాకు. మోకాళ్ళకి ఆముదం రాసి వెచ్చచేసిన ఆకుతో కాపడం. తలగడలో దూది బదులు కూడా ఆకే. పడిశం పట్టినా తలనొప్పి వచ్చినా ఆ తలగడ మీద పడుకుంటే పోతుందని ఆమె నమ్మకం. ఆమె పక్కన పడుకున్న మనవసంతానమంతా రాత్రంతా తుమ్మినవాళ్ళే. అయినా మామ్మ ఒప్పుకోదు. "తుమ్మితే జబ్బు బైటికి పోతంది. మీరు ఊరికే అరవకండి" అంటుంది.

ఇవన్నీ చిన్న పనులు. అసలు పని బాలింత స్నానం. వావిలాకు వేసి మరిగించిన నీళ్ళు, చెయ్యి పట్టగలిగేంత వేడిగా, నడుం మీద, కాళ్ళ మీద ధారగా పోయడం. నీళ్ళు పోసేటప్పుడు ఎడమ చేత్తో వెన్నుపూసల వెంట నొక్కుకుంటూ దిగాలి. ఎక్కడ ఆపాలో, ఎక్కడ నొక్కాలో ఆ చేతికి తెలుసు. నలభై ఏళ్ళుగా ఆ ఊళ్ళో బిడ్డని కన్న ప్రతి ఆడమనిషి నడుం ఆ చేతికి తెలుసు. సముద్రం మీదికి వెళ్ళే మొగుడు పోతయ్య ఉన్నన్నాళ్ళూ, "దీనికి మొహాలు గుర్తుండవు, నడుం చూపిస్తే పేరు చెప్తది" అని నవ్వేవాడు. పోతయ్య పోయి తొమ్మిదేళ్ళు.

అయితే ఈ పనికి ఒక పద్ధతి ఉంది. అత్తగారు నేర్పింది. పిలవకుండా ఆకు ఇంకో ఇంటి గడప తొక్కకూడదు. పిలుపంటే నోటిమాట కాదు. పురుడొచ్చిన ఇంట్లోంచి ఆడమనిషి ఒకతె, నీళ్ళు కాచబోయే బిందెని ఖాళీగా తెచ్చి, మామ్మ గుమ్మం ముందు పెట్టి, మాట్లాడకుండా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. పురిటి మైలలో ఉన్నవాళ్ళు ఇంకో ఇంట్లోకి రాకూడదు గనక అలా. మామ్మ ఆ బిందెనిండా ఆకు కోసి, చంకన పెట్టుకుని వెళ్తుంది. రెండోసారి బిందె పెట్టకూడదు. ఒకసారి పెట్టాక మామ్మ వస్తే వచ్చినట్టు, రాకపోతే ఆకు వద్దన్నట్టు. అందుకని ఎవరూ మళ్ళీ అడగరు. ఫోన్ చేస్తే పిలుపు కాదు. కొడుకు ప్రసాద్ ఆమెకొక చిన్న ఫోన్ కొనిచ్చాడు. దాన్ని ఆమె మినుముల డబ్బాలో, వావిలాకు మధ్య దాచింది. పురుగు పట్టకుండా ఉంటుందనుకుందో ఏమో.

బిందెలు రావడం తగ్గిపోయింది. కాన్పులన్నీ బందరులోనే, చాలావరకు ఆపరేషన్లే. పిల్లని ఎత్తుకుని ఇంటికొచ్చాక గీజరు నీళ్ళు. పోయిన ఏడాది ఒక్క బిందె కూడా రాలేదు.

ఈ నవంబరు చివర సరళ కూతురు ప్రసన్నలక్ష్మికి కాన్పయింది. మగపిల్లవాడు. సరళ ఇల్లు మామ్మ ఇంటికి ఆరిళ్ళ అవతల. ప్రసన్నలక్ష్మి పుట్టినప్పుడు సరళకి నీళ్ళు పోసింది మామ్మే. ఆ పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నలుగు పెట్టింది మామ్మే. అత్తారిల్లు నందివాడ అయినా కాన్పుకి పుట్టింటికే వచ్చింది. బందరు ఆస్పత్రి నుంచి ఆరో రోజు ఆటోలో దిగుతుంటే మామ్మ తన గుమ్మంలోంచి చూసింది. పిల్ల నడుం పట్టుకుని వంగి నడిచింది.

"తొమ్మిదో రోజుకి బిందె వస్తది" అని మామ్మ తనలో తను అనుకుంది. పైకే అనుకుంది. ఒంటరిగా ఉండేవాళ్ళకి లోపల అనుకోవడం, పైకి అనుకోవడం ఒకటే.

సరిగ్గా అప్పుడే పొక్లెయిన్ వచ్చింది. మురుగు కాలవ పూడిక తీసి గట్టు వెడల్పు చేస్తున్నారు. దాన్ని నడిపే కుర్రాడు అయ్యప్ప మర్యాదస్తుడు.

"మామ్మగారూ, ఈ పొద మీదేనా అండీ?"

"గట్టు గవర్నమెంటుది. పొద మా అత్తది."

"తియ్యాలండీ. కొలతలో పడింది. కాకపోతే మీకు అక్కర్లేదంటే మొత్తం తీసేస్తాను, కావాలంటే ఇంజనీరుగారిని అడిగి లోపలి వరస వదిలేస్తాను. మీరు చెప్పండి."

మామ్మ పొద వంక తిరిగింది. గిలకలదిండి రేవులో బోటు మీద పనిచేసే ప్రసాద్, తనతో వచ్చి ఉండమని ఏడాదిగా పోరుతున్నాడు. ఆమె రాకపోవడానికి ఒకటే కారణం, ఈ పొద. ఎవరైనా బిందె పెట్టి వెళ్తే మనిషి లేకపోతే ఎలా? కానీ బిందే రాకపోతే ఎవరి కోసం కాపలా?

"ఎప్పటిదాకా ఉంటావు ఇక్కడ?"

"ఇరవై తొమ్మిదో తారీకు సోమవారం ఈ చివరికి వస్తానండీ."

"సోమవారం చెప్తా" అంది. మనసులో లెక్క తేల్చేసుకుంది. ఆలోగా సరళ బిందె పెడితే పొద ఉంటుంది, తనూ ఉంటుంది. పెట్టకపోతే పొద పోతుంది, తను ప్రసాద్ ఇంటికి పోతుంది.

తొమ్మిదో రోజు బంటుమిల్లి సంత. ఎండుచేపల బుట్ట నింపి చాలా రోజులైంది, పోకపోతే పురుగు పడుతుంది. తెల్లారి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఆటోలోంచి దూకినంత పని చేసింది. గుమ్మం ముందు బిందె లేదు. ఒక నీలం ప్లాస్టిక్ బకెట్ ఉంది.

అలాంటి బకెట్లు ఊళ్ళో ఇంటింటికీ ఉన్నాయి. పోయిన ఏడాది ఎవరిదో ఓణీల ఫంక్షన్‌లో భోజనానికి వచ్చినవాళ్ళందరికీ పంచారు. మామ్మ దాని వంక చూసి, "డేనియల్ మళ్ళీ మర్చిపోయాడు" అంది. డేనియల్ బోట్లకి ఐసు తెచ్చే ఆటో అతను. మామ్మ అరుగు మీద కూర్చుని టీ తాగడం, ఏదో ఒకటి వదిలేసి పోవడం అతని అలవాటు. తువ్వాలు, చెప్పులు, ఒకసారి అన్నం క్యారేజీ. ఇచ్చేద్దామంటే డేనియల్ ఊళ్ళో లేడు, అవనిగడ్డ దగ్గర అత్తారింటికి వెళ్ళాడు, క్రిస్మస్ అయ్యాకే వస్తాడని తెలిసింది. ఆ సాయంత్రమే మామ్మ కోడిపెట్ట పొదుగుకొచ్చింది. గుడ్ల మీంచి లేవకుండా, దగ్గరికి వెళ్తే రెక్కలు విదిలించి కసురుతోంది. దానికో చోటు కావాలి. బకెట్‌ని పెరట్లో పక్కకి పడుకోబెట్టి, ఇసక పోసి, ఎండుగడ్డి పరిచి, కోడిపేలు పట్టకుండా వావిలాకు వేసి, పది గుడ్లతో సహా పెట్టని అందులో కూర్చోబెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పేయాలి. మామ్మకి తెలియనిది చదివేవాళ్ళకి తెలిస్తే తప్పేం లేదు. ఆ బకెట్ పెట్టింది డేనియల్ కాదు, సరళ. సరళ ఇంట్లో బిందెలు లేవు. కుళాయిలు వచ్చాక పాత ఇత్తడి బిందె మార్చేసి మిక్సీ కొన్నారు. పద్ధతి మాత్రం ఆమెకి గుర్తుంది. కడిగిన బకెట్ తెచ్చింది, గుమ్మం ముందు పెట్టింది, నోరు విప్పలేదు, వెనక్కి చూడలేదు, వెళ్ళిపోయింది. మామ్మ ఇంట్లో ఉందో లేదో కూడా చూడలేదు. చూడకూడదు గదా.

ఇక రెండు ఇళ్ళలోనూ ఎదురుచూపులు మొదలయ్యాయి.

మామ్మ రోజూ పొద్దున్నే లేత కొమ్మలు చూసి ఒడినిండా ఆకు కోసేది. గుమ్మంలో గోడకి ఆనుకుని కూర్చునేది. రోడ్డు మీద ఎవరి కాళ్ళ చప్పుడు విన్నా కొంగు సర్దుకునేది. రేషన్ బండి అతను, కోళ్ళకి తౌడు అమ్మే ఆమె, రత్తయ్య. సరళ కాదు. మధ్యాహ్నానికి ఆకు వాడిపోయేది. సాయంత్రం అందులో సగం నిప్పుల మీద, సగం కోడి కింద. ప్రసన్నలక్ష్మి నడుం కోసం కోసిన ఆకంతా, ప్రసన్నలక్ష్మి వాళ్ళ బకెట్లోకే, రోజూ చేరుతూనే ఉంది. కోడి మాత్రం బాలింతలా ఒళ్ళు నింపుకుంటోంది.

"నీకు జరుగుతున్నాయే వైభవాలు" అని మామ్మ దానితో అనేది. కోడి కసిరేది. రోజంతా ఆమె మాటకి బదులిచ్చింది అదొక్కటే.

ఊరి కుళాయి దగ్గర ఒక పొద్దున ఇద్దరూ ఎదురుపడ్డారు. సరళ చేతిలో రెండు డబ్బాలు, మామ్మ చేతిలో ఒకటి.

"ఏమ్మా సరళా, మనవడు పాలు తాగుతున్నాడా?"

"తాగుతున్నాడు మామ్మా. వాడికేం. అడిగేవాళ్ళున్నా లేకపోయినా పెరుగుతాడు."

"పిల్ల నడుమో?"

"నొప్పే. బిళ్ళలిచ్చారు. ఆకులూ అలుములూ పట్టుకుని ఎదురొచ్చే రోజులా ఇవి?"

సరళ ఉద్దేశం, నువ్వు రాలేదు గదా అని. మామ్మకి వినబడింది, మాకు అక్కర్లేదు అని.

"అవునులే. బిళ్ళలుండగా ముసలిచేతులెందుకు" అంది మామ్మ.

"ముసలిచేతులని ఎవరన్నారు? చేతులు బానే ఉన్నాయి. మనసులుండాలి గదా."

"నా మనసుకేమే? నా మనసు నా ఇంట్లోనే ఉంది. ఎవరైనా వచ్చి చూస్తే గదా తెలిసేది."

"వచ్చినవాళ్ళని చూస్తే గదా మామ్మా!"

డబ్బా నిండి నీళ్ళు కాళ్ళ మీద పొర్లుతున్నా మామ్మ చూసుకోలేదు. వెనక వరసలో ఉన్న రత్తయ్య, "కుళాయి కట్టండమ్మా, తర్వాత కొట్టుకోండి" అన్నాడు. సరళ డబ్బాలెత్తుకుని చరచరా వెళ్ళిపోయింది. మామ్మ ఆ రోజు సాయంత్రం దోమలకి పొగ వేయలేదు. కుట్టనీ అనుకుంది.

మర్నాడు మొదటిసారి పొదలోకి వెళ్ళలేదు. నలభై ఏళ్ళలో జ్వరం వచ్చినా గోడ పట్టుకుని వెళ్ళిన మనిషి. గుమ్మంలో కూర్చుని పొదవంక చూసింది. కొమ్మల చివర్ల నీలంగా గుత్తులు గుత్తులుగా పూలు. అత్తగారు చనిపోయిన ఏడాది, ఆమె శవాన్ని ఎత్తిన చోట ఒక కొమ్మ తెచ్చి గుచ్చితే అలా పెరిగింది. పోతయ్యని ఎత్తినప్పుడు కింద పరిచింది ఆ ఆకే. ఇప్పుడు అందులో పిచ్చుకలు కూడా లేవు. అవతల రొయ్యల చెరువుల మీద నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు మాత్రం పగలూ రాత్రీ ఆగకుండా వస్తూనే ఉంది.

ఆదివారం వచ్చిన ప్రసాద్‌తో, "వచ్చే సోమవారం తర్వాత వస్తానురా. ఒక మంచం వేసే చోటు చూడు" అంది. ప్రసాద్ ఆశ్చర్యపోయాడు. అతనితో వచ్చిన మనవరాలు, టెన్త్ రెండుసార్లు తప్పి బందరులో జిరాక్సు షాపులో పనిచేసే పిల్ల, "తలగడ మాత్రం తేకు మామ్మా, నేను ఇల్లొదిలి పారిపోతా" అంది. మామ్మ నవ్వలేదు. అది చూసి ఆ పిల్లకి కూడా నవ్వు ఆగిపోయింది.

ఇరవై ఏడో తారీకు శనివారం పొద్దున్న డేనియల్ ఆటో వచ్చి ఆగింది. కేకు ముక్క కాగితంలో చుట్టి తెచ్చాడు.

"మామ్మా, బావున్నావా? ఇంద, మా అత్త చేసింది."

మామ్మ టీ ఇచ్చింది. కేకు పక్కన పెట్టింది. "నీ బకెట్ ఇవ్వలేను డేనియలూ. ఇంకో రెండ్రోజులాగు. పెట్ట పొదిగింది."

"ఏం బకెట్?"

"నువ్వు వదిలేసిపోయింది. నీలందీ."

"నేనెక్కడ వదిలాను మామ్మా? నాకున్నది పచ్చ బకెట్. ఆటోలోనే ఉంది, చూడు."

"బంటుమిల్లి సంత రోజున. నేనొచ్చేసరికి గుమ్మం ముందుంది."

"ఆ రోజు నేను తెల్లారకముందే అవనిగడ్డ బస్సులో ఉన్నా. నా మీద పెట్టకు, పండక్కి పోయొచ్చిన మనిషిని."

మామ్మ టీ గ్లాసు కింద పెట్టింది. గుమ్మం ముందు. ఖాళీగా. ఎవరూ మాట్లాడకుండా పెట్టిపోయిన బకెట్. ఆ రోజు ఎన్నో రోజు? వేళ్ళు మడిచింది. ప్రసన్నలక్ష్మి కని తొమ్మిదో రోజు.

"అయ్యో నా తల్లో!" అని అరిచింది. డేనియల్ టీ ఒలకబోసుకున్నాడు.

కుళాయి దగ్గర సరళ అన్న ప్రతి మాటా తిరగబడి కొత్త అర్థంతో వచ్చింది. వచ్చినవాళ్ళని చూస్తే గదా మామ్మా. పెట్టింది, పంతొమ్మిది రోజులు ఎదురుచూసింది, పద్ధతి ప్రకారం రెండోసారి అడగలేదు. ఇంత మర్యాదగా పద్ధతి పాటించినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు? ఆ మర్యాదని తను తీసుకెళ్ళి కోడి కింద పెట్టింది.

కోడిని లేపడానికి వీల్లేదు, గుడ్లు రెండ్రోజుల్లో పిగిలి పిల్లలొస్తాయి. మామ్మ అటక మీద నుంచి తన సొంత ఇత్తడి బిందె దించింది. పోతయ్య పెళ్ళికి తెచ్చిన బిందె. చింతపండు పెట్టి తోమింది. పొదలోకి వెళ్ళి నిండా ఆకు కోసింది. పట్టపగలు, ఊరి మధ్య నుంచి, మోకాళ్ళు మొరాయిస్తుంటే బిందె చంకన పెట్టుకుని ఆరిళ్ళు నడిచింది. సరళ మొగుడు బాలస్వామి వరండాలో వల బాగుచేసుకుంటూ తలెత్తి, "ఏమేవ్, మామ్మ వచ్చింది" అన్నాడు, ఎవరో పోలీసు వచ్చినట్టు.

సరళ గుమ్మంలో నిలబడింది. దారివ్వలేదు.

"ఇరవై ఎనిమిదో రోజున తీరికైందా?"

"తిట్టవే. నీకు హక్కుంది."

"ఆ బకెట్ తీసి లోపల పెట్టుకున్నావు. నేను కళ్ళారా చూశాను, మర్నాడు నీ గుమ్మంలో లేదు. తీసుకున్నావు గదా అని రోజూ నీళ్ళు కాచి కూర్చున్నాను. అంత కానివాళ్ళమయ్యామా?"

"నేను బిందె కోసం చూశానే. ప్లాస్టిక్‌ది పిలుపనుకోలేదు. డేనియల్‌దనుకున్నా."

"మరి ఇప్పుడెక్కడుంది?"

మామ్మ కాసేపు బిందెలోని ఆకు సర్దింది. "కోడి పొదిగింది."

"ఏంటీ?"

"అందులో పెట్ట పొదిగింది. ఆకు కూడా వేశాను. మీ పిల్ల కోసం రోజూ కోసిందే."

లోపలి మంచం మీంచి ప్రసన్నలక్ష్మి పకపకా నవ్వింది. "నా ఆకు కోడికి వేశావా మామ్మా! అయ్యో, నవ్వించకే, కుట్లు లాగుతున్నయ్!" సరళ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో బాలస్వామికి తెలియలేదు, వల వంక చూస్తూ కూర్చున్నాడు.

"నెలరోజులు కుట్ల మీద వేడినీళ్ళు పోయొద్దని చెప్పి పంపారు మామ్మా" అంది సరళ, మెల్లగా పక్కకి జరిగి దారిస్తూ. "ఒక రకంగా నీ కోడే నయం చేసింది. నువ్వు తొమ్మిదో రోజున వచ్చుంటే పోసేదానివి, పిల్ల నొప్పి చూడలేక నేనూ ఆపేదాన్ని కాదు."

"ఇప్పుడు కూడా పొట్ట జోలికి పోను. నడుం, కాళ్ళు. అంతే."

ప్రసన్నలక్ష్మిని పీట మీద కూర్చోబెట్టి, పొట్టకి గుడ్డ అడ్డం పెట్టించి, మామ్మ నీళ్ళు పోసింది. బాత్‌రూమంతా వావిలి ఆవిరి. ఎడమ చెయ్యి వెన్ను వెంట దిగుతూ ఒకచోట ఆగింది. "ఇక్కడే గదా?" "అక్కడే మామ్మా." "మీ అమ్మకీ ఇక్కడే." మామ్మ అక్కడే ఇంకో చెంబు పోసింది.

సోమవారం అయ్యప్ప వచ్చాడు. మామ్మ ఆకు కోసిన చేతులతోనే ఎదురెళ్ళింది. "లోపలి వరస ఉంచు బాబూ." అతను మాట నిలబెట్టుకున్నాడు. బైటి వరస మాత్రం తీయక తప్పలేదు. యంత్రం చెయ్యి పొదని వేళ్ళతో సహా పైకి లేపి గట్టు అవతల పడేస్తుంటే మామ్మ అక్కడే నిలబడి చూసింది. మధ్యాహ్నానికి గుడ్లు పిగిలాయి. పదికి ఏడు.

ఆ సాయంత్రం ప్రసాద్ ఫోన్ మినుముల డబ్బాలో మోగింది. "మంచం వేశానమ్మా, ఎప్పుడు రమ్మంటావు?"

"నేను రాలేనురా. పెట్ట పిల్లల్ని చేసింది."

"కోడిపిల్లల కోసమా!"

"మరేంటి, వాటిని ఎవరు చూస్తారు?" అని పెట్టేసింది.

బకెట్ కడిగి తిరిగి ఇస్తే సరళ తీసుకోలేదు, కోడికే ఉంచుకోమంది. మూడో నెలలో ప్రసన్నలక్ష్మి నందివాడ వెళ్ళిపోయింది. ఊళ్ళో ఇప్పుడు నెలలు నిండినవాళ్ళెవరూ లేరు. అయినా మామ్మ రోజూ పొద్దున్నే మిగిలిన పొదలోంచి ఒడినిండా ఆకు కోస్తుంది. ఒకసారి పొరబడిన మనిషి గనక, ఇప్పుడు గుమ్మం ముందు ఏది కనబడినా ఊరుకోదు. మొన్నొక రోజు డేనియల్ టీ తాగి, ఖాళీ ఐసు పెట్టె అరుగు ముందు మర్చిపోయి వెళ్ళాడు. సాయంత్రం వెతుక్కుంటూ వచ్చేసరికి పెట్టెనిండా వావిలాకు. పక్కనే మామ్మ, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కూర్చుని ఉంది.

"నాదే మామ్మా" అన్నాడు డేనియల్.

"తెలుసులే" అంది మామ్మ. కానీ ఆకు తీసేయడానికి చాలాసేపు పట్టింది.